మా నాయన పేరుమీద ఒక మెయిల్

మా నాయనకూ చిన్నాయనకూ మాటలు ఆగిపోవడానికి కారణం ఒక పరుపు. పొలం గట్టు కాదు, పెళ్ళిలో మర్యాద తక్కువైందనీ కాదు. పరుపే.

మాది పెనుకొండ. మేము ముస్లింలమే అయినా అవ్వ దగ్గర్నుంచి అందరం ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఇంటి పని దూది. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చెన్నేకొత్తపల్లి దాకా ఊరూరా తిరిగేవాడట. ఇళ్ళ ముందర కూర్చుని పాత పరుపుల్లోని దూదిని ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇచ్చేవాడట. నాయన కాలానికి బస్టాండు దగ్గర ఒక అంగడి, దూది ఏకే మిషను వచ్చాయి. నాయన కుట్టిన పరుపు ఏళ్ళ తరబడి గడ్డకట్టేది కాదు. ఎవరింటికైనా పోతే ఆయన ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు. మంచం మీద అరచెయ్యి పెట్టి ఒత్తి చూసేవాడు.

చిన్నాయనకు చిన్నప్పటినుంచీ దూది దుమ్ము పడదు. దగ్గు. అందుకని ధర్మవరం పోయి ఒక పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా చేరి, అక్కడే సంసారం పెట్టాడు. తొంభైల చివర్లో ఆయన కొత్త ఇంటికి మారాడని మేమంతా చూడటానికి బయల్దేరాం. తమ్ముడికోసం నాయన తన చేత్తో ఒక డబుల్ కాట్ పరుపు కుట్టాడు. పూల గుడ్డ, నాలుగు అంచులా గట్టి కుట్టు. దాన్ని చుట్టి తాడుతో కట్టి బస్సు పైన వేయించాడు. దారి పొడుగునా బస్సు ఆగినచోటల్లా దిగి పైకి చూసి వచ్చాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే మంచం మీద కనిపించింది స్పాంజి పరుపు. అప్పుడప్పుడే పట్నం అంగళ్ళలోకి వస్తున్న సరుకు. ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా పూర్తిగా తీయలేదు.

"డాక్టరు చెప్పినాడు న్నా, దూది మీద పండుకోవద్దని," అన్నాడు చిన్నాయన, నాయన ముఖం చూసి.

నాయన అన్నం తిన్నాడు. రాత్రికి చాప అడిగి కింద పడుకున్నాడు. పొద్దున్నే తెచ్చిన పరుపును మళ్ళీ భుజానికెత్తుకుని బస్టాండుకు నడిచాడు. వెనక మేము. ఆ రోజునుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. "పడకపోతే పడదని ముందు నాకు చెప్పొద్దా?" అని నాయన ఒకే ఒక్కసారి అమ్మతో అన్నాడు. అంతే. ఆ తర్వాత చిన్నాయన అవ్వను చూడటానికి వచ్చేవాడు గానీ, నాయన దూది కొనడానికి ఆదోనికి పోయిన రోజు చూసుకుని వచ్చేవాడు.

నేను హిందూపురంలో డిగ్రీ చదివాను. పెనుకొండనుంచి పొద్దున రైలు, సాయంత్రం బస్సు. డిగ్రీ అయ్యాక అక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. టైపింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు, పరీక్షా ఫలితాలు చూపించమని వచ్చే తల్లిదండ్రులు, కరెంటు పోతే వాకిట్లో కూర్చుని కన్నడం తెలుగూ కలిపి కబుర్లు చెప్పుకునే జనం. నాకు ఆ చోటు బాగా నచ్చింది.

రెండువేల ఐదు ప్రాంతంలో హిందూపురంలో ఒక హాస్టల్‌కు పరుపులు కావాలని నాయనకు కబురొచ్చింది. ఆఫీసు బెంగళూరులో ఉంది, ధరలు, కొలతలు అక్కడికీ తనకూ మెయిల్‌లో పంపమని వార్డెన్ చెప్పాడట. నాయన ఆ మధ్యాహ్నమే రైలెక్కి మా సెంటర్‌కు వచ్చాడు.

"మెయిల్ అంట. నీకు తెలుసు గదా పాపా, ఒకటి తెరువు," అన్నాడు, బ్యాంకులో ఖాతా తెరిచినట్టు.

కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాను. స్క్రీన్ మీద ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పేరు అయింది, ఇంటిపేరు అయింది. పుట్టిన తేదీ దగ్గర ఆగాం.

"కాయలు పెరికే దినాల్లో పుట్టినానని మీ అవ్వ అంటాది. అది రాయి," అన్నాడు నాయన.

"అట్ల తీసుకోదు నాయనా. తేదీ, నెల, సంవత్సరం కావాల."

చివరికి జనవరి ఒకటి అని పెట్టాను. నాయన ఒప్పుకోలేదు. "జనవరిలో యాడన్నా శనక్కాయలు పెరుకుతారా? తప్పు రాస్తాండావు," అన్నాడు. సంవత్సరం కూడా నేనే ఉజ్జాయింపుగా వేశాను.

"ఆడా మొగా అని అడుగుతాండాడు," అన్నాను.

"నా మీసాలు చూస్తే తెలీడం లేదా?"

"వానికి కనపడదు నాయనా."

"ఇంత చదువుకున్నోడికి అదీ కనపడదా?"

తర్వాత వృత్తి. బ్యాంకు, ఇంజనీరింగ్, ప్రభుత్వోద్యోగం, వైద్యం అని పెద్ద వరస. పరుపులు కుట్టేవాళ్ళు లేరు. 'ఇతరులు' అని ఉన్నదాన్ని నొక్కాను. "మనం ఇతరులమా?" అని నాయన ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత మీకు ఇష్టమైనవి ఏమిటి అని ఆటలు, సంగీతం, వంట, ప్రయాణాలు. "ప్రయాణాలంటే ఏ ఊరికైనా సరే గదా? ఆదోనికి పోయొస్తాంటాను గదా, పెట్టు," అన్నాడు. అన్నిటికన్నా చివర రహస్య ప్రశ్న. పాస్‌వర్డు మరిచిపోతే అడగడానికి. మీ అమ్మ పుట్టిన ఊరు ఏది?

నాయన చుట్టూ ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి, "అమరాపురం," అన్నాడు. నేను టైపు చేశాక, "ఇది ఎవురికీ తెలీకూడదా? మన వీధిలో అందరికీ తెలుసే," అన్నాడు దిగులుగా.

అంతా అయ్యాక మెయిల్ తెరుచుకుంది. నాయన కాసేపు దాన్ని చూసి అసలు ప్రశ్న అడిగాడు.

"ఇంతకీ దుడ్లు అడగలేదే?"

"ఉచితం నాయనా."

"ఉచితంగా ఎవుడిస్తాడమ్మా? చీరల అంగట్లో ఊరికే టీ ఇస్తారు. తాగేలోపల మన ఇంట్లో పెండ్లెప్పుడో, ఎంతమంది ఆడపిల్లలో అంతా కనుక్కుంటారు. వీడు టీ ఇచ్చేదానికి ముందే అడిగినాడు, అంతే."

నాకు నవ్వొచ్చింది. పెద్దవాళ్ళకు కొత్తవన్నీ అనుమానమే అనుకున్నాను.

హాస్టల్ ఆర్డరు వచ్చింది. నాయన పరుపులు నచ్చి ఇంకో రెండు చోట్ల నుంచి కూడా ఉత్తరాలు రాసాగాయి. ఆదోని దూది వ్యాపారికి కూడా నాయన మెయిల్‌లోనే రాయించేవాడు. నాకు వేరే మెయిల్ లేదు. నాయనదే నేనూ వాడుకునేదాన్ని. బెంగళూరులో ఉద్యోగాలకు పంపే దరఖాస్తులు, మా కాలేజీ లెక్చరర్‌కు రాసే ఉత్తరాలు, అన్నీ అందులోంచే. ఒకసారి ధర్మవరంనుంచి చిన్నమ్మ సెంటర్‌కు ఫోన్ చేసి, వాళ్ళ అమ్మాయి, అంటే మా చెల్లెలి ఇంటర్ మార్కులు చూడమంది. చూసి, చిన్నాయన పనిచేసే చీరల అంగడి మెయిల్‌కు పంపాను. ఆ అంగడి మెయిల్ చూసేది చిన్నాయనే. ఈ సంగతి నాయనకు చెప్పలేదు.

ఒకరోజు నాయన సెంటర్‌కు వచ్చినప్పుడు హాస్టల్ వాళ్ళ కొత్త ఉత్తరం తెరిచి చదివి వినిపిస్తున్నాను. ఎన్ని పరుపులు, ఏ కొలత, ఎప్పటికి కావాలి. నాయన నా మాటలు వింటూ స్క్రీన్ కుడిపక్కకు వేలు చూపాడు.

"ఈ పక్కన చిన్న అక్షరాలేంది?"

అంతకుముందు నేను వాటిని పట్టించుకోలేదు. చదివాను. ఆ పక్కన వరసగా స్పాంజి పరుపుల ప్రకటనలు. తగ్గింపు ధరలు, ఇంటికే తెచ్చిస్తాం, పాత దూది పరుపు ఇచ్చి కొత్త స్పాంజి పరుపు తీసుకోండి.

దాచకుండా చదివి చెప్పాను. నాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"మన ఉత్తరం పక్కన వాళ్ళకేం పని?"

"ఉత్తరంలో పరుపు అనే మాట ఉండాది గదా నాయనా. అది చూసి, పరుపులకు సంబంధించినవి పెడుతుంది."

"చూసి అంటే, చదివినాడా?"

"మనిషి చదవడు. మిషను చదువుతుంది."

"ఎవురు చదివితేనేం. స్పాంజి వానికి చెప్పినాడా లేదా?"

నాయన అంతటితో వదల్లేదు. హాస్టల్ వాళ్ళ మెయిల్‌లో కూడా ఇట్లాగే కనపడుతుందా అని అడిగాడు. వాళ్ళదీ అదే కంపెనీ మెయిల్ అయితే కనపడవచ్చని చెప్పాను. "అంటే నేను ధర రాసి పంపిన కాగితం పక్కనే స్పాంజి వాడు కూర్చోనుంటాడు," అన్నాడు. రైలు టైమయ్యేదాకా అదే మాట. చివరికి ఒక ఉపాయం చెప్పాడు. ఇకమీదట ఉత్తరంలో పరుపు అని రాయొద్దు, 'సరుకు' అని రాయి అన్నాడు. అలాగే రాశాను. మరుసటి వారం ఆ పక్కన లారీ సర్వీసుల ప్రకటనలు వచ్చాయి. నాయన చాలా సంతోషపడ్డాడు. "తికమకపడినాడు," అన్నాడు.

ఆ తర్వాతి వేసవిలో మా సెంటర్లో నాతోపాటు పాఠాలు చెప్పే అమ్మాయి ఒక స్నేహితుల సైటు చూపించింది. మన కాలేజీ వాళ్ళంతా అందులోనే ఉన్నారు, నువ్వు ఒక్కదానివే లేవు అంది. చేరాను. మెయిల్ నాయనది కాబట్టి పేరు కూడా నాయనదే వచ్చి కూర్చుంది. తర్వాత మార్చుకుందాంలే అనుకున్నాను. మీ స్నేహితులు ఎవరెవరు ఇక్కడ ఉన్నారో మేమే వెతికి చూపిస్తాం, మీ మెయిల్ పాస్‌వర్డు ఇవ్వండి అని అడిగింది సైటు. ఇచ్చాను. పెద్ద పసుప్పచ్చ బటన్ కనపడితే నొక్కాను. ఇంకో పేజీ, ఇంకో పసుప్పచ్చ బటన్. అదీ నొక్కాను. అంతలో పిల్లలు క్లాసుకు వచ్చారు. కంప్యూటర్ ఆపేసి లేచాను.

రెండు మూడు రోజులకు నాయన అంగడి ఫోన్‌కు హాస్టల్ వార్డెన్ ఫోన్ చేశాడు. ఆయన మాటలు నాయన ఇంటికొచ్చి మాకు చెప్పాడు.

"నన్ను స్నేహితునిగా చేసుకుంటానని రాసినావంట గదప్పా. సంతోషం. ఏమన్నా పని పడిందా?" అన్నాడట. నాయనకు ఏమీ అర్థం కాలేదు. ఏదో మర్యాదకు అంటున్నాడనుకుని, "మనం స్నేహితులమే గదా సార్," అన్నాడట.

మరునాడు ఆదోని దూది వ్యాపారి. ఆయన గొంతు ఏకంగా తడిగా ఉందట. "ఇన్నేండ్లనుంచి ఉట్టి వ్యాపారమే అనుకుంటిని. నీ మనసులో ఇంత ఉందని తెలీదు," అన్నాడట. ఆ వారం వచ్చిన దూది బేళ్ళతోపాటు ఒక బుట్ట మామిడిపండ్లు వచ్చాయి. "ఏమైంది వీళ్ళకంతా?" అని నాయన పండు కోస్తూ అడిగాడు. అవ్వ మాత్రం "మంచోడివని ఇప్పుడన్నా తెలిసిందేమోలే," అంది.

నాకు అనుమానం తగిలింది. సెంటర్‌కు పోయి మెయిల్ తెరిస్తే సంగతి బయటపడింది. ఆ సైటు మా నాయన మెయిల్‌లోకి పోయి, మేము ఎప్పుడో ఒకసారి ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరి చిరునామా తీసుకుని, వాళ్ళందరికీ నాయన పేరుమీద ఉత్తరం పంపింది. ఈయన మీతో స్నేహం కోరుతున్నారు, ఒప్పుకుంటారా, జవాబు రాకపోతే ఆయన మనసు నొచ్చుకోవచ్చు అని. మా లెక్చరర్ గారు మర్యాదగా ఒప్పుకున్నారు. బెంగళూరులో నేను దరఖాస్తు పెట్టిన ఒక కంపెనీ అధికారిణి, దయచేసి వృత్తి సంబంధమైన విషయాలకు మాత్రమే రాయండి అని నాయనకు జవాబిచ్చింది. ఆమె పేరు నాయన కలలో కూడా విని ఉండడు.

కిందికి వెతుక్కుంటూ పోతే ధర్మవరం చీరల అంగడి చిరునామా కనపడింది. శుక్రవారం నాకు సెంటర్లో వారం సెలవు కదా, ఇంట్లో నిదానంగా నాయనకు చెబుదాం అనుకున్నాను.

శుక్రవారం నాయన నమాజుకు పోయొచ్చి బనీనుతో వాకిట్లో కూర్చున్నాడు. అవ్వ చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. ఎలా మొదలుపెట్టాలా అని నేను వంటింటి గడప దగ్గర తచ్చాడుతున్నాను. వీధి మలుపులో చిన్నాయన కనిపించాడు. ఒక చేతిలో ద్రాక్షపండ్ల సంచి, ఇంకో చేతిలో బేకరీ పొట్లం. రైలు దిగి నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. నాయన ఊళ్ళో ఉన్న రోజున ఆయన మా వీధిలోకి రావడం ఏళ్ళ తర్వాత అదే.

అవ్వ చేట కింద పెట్టింది. నాయన లేచి నిలబడ్డాడు గానీ అడుగు ముందుకు వేయలేదు.

"అన్నా," అన్నాడు చిన్నాయన. "నువ్వు రాసింది చూసినా."

"నేను రాసినానా?"

"నన్ను స్నేహితునిగా అనుకుంటాండావంట. జవాబు ఇయ్యకపోతే నొచ్చుకుంటావంట." చిన్నాయన గొంతు సర్దుకున్నాడు. "తమ్ముణ్ణి పట్టుకోని స్నేహితుడంటావేంది న్నా? తమ్ముడనే పిలువు, చాలు. నేను రాకుండా ఉంటానా?"

నాయన నావైపు తిరిగాడు. నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డ నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. వార్డెన్ ఫోనూ, మామిడిపండ్ల బుట్టా, అన్నీ ఒక్కసారిగా ఆయనకు అర్థమైనట్టున్నాయి. ఇక అరుస్తాడనే అనుకున్నాను. ఆయన మళ్ళీ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆ మిషన్లో తమ్ముడని రాసేదానికి లేదంట," అన్నాడు. "స్నేహితుడని ఒక్కటే ఉండాదంట. రా, లోపలికి రా."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ద్రాక్షపండ్లు కడుగుపో," అని నన్ను తోలింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఒక పళ్ళెం దగ్గరే కూర్చుని తిన్నారు. పరుపు మాట చిన్నాయనే ఎత్తాడు. "ఆ పొద్దు నీకు ముందుగా చెప్పాల్సింది. నువ్వు కుట్టుకొస్తావని నాకు తెలీదు," అన్నాడు. నాయన అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. కాసేపటికి, "దగ్గు ఎట్ల ఉండాది?" అని అడిగాడు. కాస్త మేలన్నాడు చిన్నాయన. అవ్వ పాత నూలు చీరలతో బొంత కుట్టిస్తే దూది ఉండదు, దుమ్మూ ఉండదు, దాన్ని స్పాంజి మీద పరుచుకోమని నాయన చెప్పాడు. అవ్వ అప్పుడే పెట్టె తెరిచి చీరలు తీయబోయింది. సాయంత్రం రైలుకు నాయనే స్టేషను దాకా పోయి సాగనంపి వచ్చాడు.

తిరిగొచ్చి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. నాకు ధర్మవరంలో తమ్ముడున్నాడని వానికి ఎట్ల తెలిసె?"

ఇంటర్ మార్కుల దగ్గర్నుంచి అంతా చెప్పాను. మనం ఒకసారి ఉత్తరం రాస్తే చాలు, ఆ చిరునామాను మెయిల్ తనంతట తానే దాచిపెట్టుకుంటుందనీ, సైటు అడిగితే నేను పాస్‌వర్డు ఇచ్చాననీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆలోచించాడు.

"అంటే నాకు తెలిసినోళ్ళ పేర్లన్నీ ఒకడు దాచిపెట్టినాడు. నువ్వు తాళం తీసి ఇంకొకనికి ఇచ్చినావు. వాడు నా పేరు చెప్పుకోని అందరి ఇండ్ల తలుపులు తట్టినాడు."

"అవును నాయనా."

"మన ఊర్లో ఎవుడన్నా ఇట్ల చేసింటే కాళ్ళు విరగ్గొట్టేటోళ్ళం."

"వాడెవుడో గానీ నా కొడుకును ఇంటికి పంపినాడు. వాణ్ణేమీ అనొద్దు," అంది అవ్వ లోపల్నుంచి.

నాయన నవ్వాడు. "మంచి జరిగింది మ్మా, కాదనలేదు. వాడు మంచికోసం చేయలేదు గదా. ఆదోని ఆయనకు, వార్డెన్‌కు ఇప్పుడు నేనేమని చెప్పేది?" అన్నాడు. కానీ ఏమీ చెప్పలేదు. స్నేహితులుగానే ఉంచుకున్నాడు. ఆదోని ఆయన మా ఇంటికి ఆ తర్వాత రంజానుకు వచ్చి బిర్యానీ తిని పోయాడు.

సోమవారం పొద్దున సైటులో నాయన ఖాతా మూసేయబోయాను. చేరడానికి పసుప్పచ్చ బటన్ ఎంత పెద్దగా ఉందో, పోవడానికి దారి అంత చిన్నగా ఉంది. ఎందుకు పోతున్నారని అడిగింది. మీ స్నేహితులు బాధపడతారంది. మళ్ళీ పుట్టిన తేదీ అడిగింది. మూశాక కూడా ఉత్తరాలు ఆగలేదు. జనవరి ఒకటిన కేకు బొమ్మతో నాయనకు పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చాయి. మూసేస్తే పోయిందనుకున్నది ఎక్కడో అలాగే ఉందని అప్పుడు తెలిసింది. నేను వెంటనే పాస్‌వర్డు మార్చాను, నాకోసం వేరే మెయిల్ తెరుచుకున్నాను.

ఆ వేరే మెయిల్ కూడా పేరుకే. సెంటర్లో కంప్యూటర్ తెరిస్తే నాయన మెయిలే తెరుచుకుని ఉండేది. నేను ఇంటర్నెట్‌లో ఏది వెతికినా ఆ మెయిల్ తెరిచి ఉండగానే వెతికేదాన్ని. దాని ఫలితం ఇంకో ఏడాదికి గానీ తెలియలేదు.

అప్పటికి బెంగళూరులో ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచి, ఉద్యోగం ఇస్తామంది. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. చిన్నాయన ధర్మవరంనుంచి స్వీట్లు పంపాడు. నేను మాత్రం చేరతానని రాయకుండా రోజులు జరుపుతున్నాను. ఎందుకో నాకే తెలియదు. జీతం మంచిదే, కంపెనీ మంచిదే. అమ్మ అడిగితే రేపు రాస్తానంటున్నాను.

ఆ ఆదివారం నాయన పరుపు గుడ్డ కొనడానికి హిందూపురం వచ్చి, బస్సుకు టైముందని సెంటర్లో కూర్చున్నాడు. క్లాసులు లేవు. ఆర్డర్లు ఏమైనా వచ్చాయేమో చూడమన్నాడు. చూస్తూ చూస్తూ మెయిల్‌లో ఏదో నొక్కితే ఇదివరకు చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. మీరు వెతికినవి అని పైన రాసి ఉంది. కింద తేదీలవారీగా, గంట నిమిషాలతో సహా, ఏడాదిపైగా నేను ఆ మెయిల్ కంపెనీని అడిగిన ప్రతి మాటా వరసగా ఉంది. నా పేరు ఎక్కడా లేదు. అంతా నాయన పేరుమీదే.

"ఏందది?" అన్నాడు నాయన.

చదవడం మొదలుపెట్టాను. మొటిమలు పోవడానికి ఏం చేయాలి. చుడీదార్ మెడ డిజైన్లు. పొడుగు జడకు నూనె. ఇంటర్వ్యూలో భయం పోగొట్టుకోవడం ఎలా. చున్నీకి ఏ రంగు నప్పుతుంది. నాయన ముందు అర్థంకాక విన్నాడు, తర్వాత మీసం మీద చెయ్యి పెట్టుకుని నవ్వసాగాడు.

"నేనా ఇవన్నీ అడిగింది?"

"వాని లెక్క ప్రకారం నువ్వే నాయనా. పెనుకొండలో పరుపులు కుట్టే మొగమనిషి, మొటిమలకు మందు, జడకు నూనె వెతుకుతాండాడు."

"వానికేం తెలుసులే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నా గురించి ఒక్కటన్నా సరిగ్గా రాసుకున్నాడేమో చూడు."

ఇంకా కిందికి పోయాను. నవ్వు కొంచెం తగ్గింది. అవ్వకు ఒంట్లో బాగాలేని నెలలో నేను అడిగినవి ఉన్నాయి. పెద్ద వయసులో ఆయాసం, అది దేనికి గుర్తు, తగ్గుతుందా. ఆ ప్రశ్నలు నేను అమ్మను కూడా అడగలేదు, అమ్మ దిగులు పడుతుందని. అవ్వ కోలుకుంది, నేనూ మరిచిపోయాను. ఆ మెయిల్ కంపెనీ మరిచిపోలేదు. ఎప్పుడు అడిగానో, ఎన్నిసార్లు అడిగానో, పొద్దున్నే సెంటర్ తాళం తీసీ తీయగానే అడిగానని కూడా దాని దగ్గర ఉంది. ఎవరో మన వెనకే నడుస్తూ, మనం నోట్లో గొణుక్కున్నవి కూడా రాసుకున్నట్టు అనిపించింది.

నాయన నా ముఖం చూసి, "అవ్వ సంగతా?" అన్నాడు. అవునన్నాను.

బెంగళూరు అనే మాట చాలాచోట్ల ఉంది. ఉద్యోగాలు, ఆడపిల్లల హాస్టళ్ళు, నాకు ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఉండే వీధి. ముందు మామూలుగా చదువుకుంటూ పోయాను. తర్వాత వెనక్కి వచ్చి మళ్ళీ చూశాను. బెంగళూరు గురించి ఏదైనా వెతికిన ప్రతిచోటా, దాని వెంటనే ఇంకో ప్రశ్న ఉంది. బెంగళూరునుంచి పెనుకొండకు రైళ్ళు. బెంగళూరు పెనుకొండ ఆఖరి బస్సు. శనివారం హిందూపురం ప్యాసింజర్. ఇంకా పోనేలేదు, తిరిగి రావడానికి దారులు వెతుక్కుంటూ ఉన్నాను. ఒకటి రెండుసార్లు కాదు, ప్రతిసారీ. అలా చేస్తున్నానని నాకే తెలియదు.

నాయనకు చూపించాను. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు అంతగా రావు గానీ పెనుకొండ అనే మాటను పోల్చుకోగలడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

"పోయేదానికి ఇష్టం లేదా?" అన్నాడు.

"ఈడ పాఠాలు చెప్పేదే బాగుండాది నాయనా. ఆ సంగతి ఇది చూసినాకనే నాకు తెలిసింది."

"నన్ను అడిగింటే నేనే చెప్పింటాను గదా," అన్నాడు నాయన.

ఆ పేజీలో ఉన్నదంతా తుడిచేయమని అడిగి, తుడిచాక నిజంగా పోయిందా అని రెండుసార్లు అడిగాడు. ఇక్కడ కనపడదు, అక్కడ ఉందో లేదో తెలియదని నిజం చెప్పాను. సరేలే అన్నాడు. బెంగళూరు కంపెనీకి రాలేనని ఒక ఉత్తరం రాసి పంపాను. ఈసారి నా మెయిల్‌నుంచే, నా పేరుతోనే. తర్వాత ఇద్దరం తాళం వేసి, చెరో పరుపు గుడ్డ మూట ఎత్తుకుని పెనుకొండ బస్సుకు నడిచాం.